క్వాడ్ బైకుపై కొండదారి యాత్ర

నాలుగు లావుపాటి టైర్లు, కాళ్లు చెరోవైపు వేసి కూర్చునే సీటు, మోటారు సైకిలుకు ఉండేలాంటి హ్యాండిల్ ఉన్న చిన్న బండిని క్వాడ్ బైకు అంటారు. తెలుగునాట రిసార్టుల బోర్డుల మీదా, పిల్లల నోళ్లలోనూ ఎక్కువగా వినిపించే పేరు ఏటీవీ. తారు రోడ్డు ఆగిపోయిన చోట, బండ్ల బాట కూడా సరిగా లేని చోట నడవడానికి చేసిన బండి ఇది. పర్యాటకులకు దీన్ని అద్దెకిచ్చి, దారి తెలిసిన గైడు ముందు వెళుతుండగా కొండల్లో గంట నుంచి పూట దాకా తిప్పి క్షేమంగా తీసుకొచ్చే ఏర్పాటే ఈ వ్యాసానికి విషయం.

ఈ వ్యాసం ఆ యాత్రను చూసేది కామారెడ్డి జిల్లా బాన్సువాడ నుంచి. అది కొండల ఊరు కాదు. మంజీర ఒడ్డున, నిజాంసాగర్ కాలువల కింద వరి పండే నేల అది. ఇక్కడి నుంచి కొండ మీద ఈ బండి నడపాలనుకునేవారికి అందుబాటులో ఉన్నది వికారాబాద్ దగ్గరి అనంతగిరి. పిట్లం దగ్గర 161వ జాతీయ రహదారి ఎక్కి సంగారెడ్డి, సదాశివపేట మీదుగా ఒక పూటలో చేరుకోవచ్చు. మరి కొందరు ఈ బండిని మొదట చూసింది దుబాయి ఇసుకలో. వాళ్ల సంగతి తరువాత వస్తుంది.

బండి తీరు

మోటారు సైకిలు అలవాటైనవారూ, కారు అలవాటైనవారూ ఈ బండి మీద మొదట్లో తడబడతారు. అందుకు కారణం ధైర్యం చాలకపోవడం కాదు, బండి నిర్మాణం. మోటారు సైకిలును పక్కకు వంచితే మలుపు తిరుగుతుంది. ఇది నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటుంది కనుక వంగదు. కారు వెనుక ఇరుసులో డిఫరెన్షియల్ ఉంటుంది, అందువల్ల మలుపులో బయటి చక్రం ఎక్కువగా, లోపలి చక్రం తక్కువగా తిరుగుతాయి. అద్దెకిచ్చే క్వాడ్ బైకుల్లో చాలావాటికి వెనుక ఇరుసు ఒకే కడ్డీ. రెండు చక్రాలూ ఒకే లెక్కన తిరుగుతాయి కాబట్టి హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగానే పోవాలని చూస్తుంది. లోపలి చక్రం మీద భారం కాస్త తగ్గి, అది కొద్దిగా జారితేనే మలుపు సాఫీగా సాగుతుంది. అందుకే నడిపేవారు సీటులో కొంచెం ముందుకు జరిగి, ఒంటిని మలుపు లోపలి వైపు వాల్చి, కాళ్ల బలాన్ని బయటి వైపు ఫుట్‌రెస్ట్ మీద మోపాలి. ఈ బండిని చేతులతో నడిపేది తక్కువ, నడుముతోనూ మోకాళ్లతోనూ నడిపేది ఎక్కువ.

టైర్లు మెత్తగా ఉంటాయి. కారు టైరులో ముప్పై పౌండ్లకు అటూ ఇటూగా గాలి ఉంటే, వీటిలో పది పౌండ్ల లోపే ఉంటుంది. ఆ మెత్తదనం వల్లే టైరు రాయి మీద పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడకుండా తేలుతుంది. తారు రోడ్డు మీద అదే గుణం దోషమవుతుంది. టైరు నేలను గట్టిగా పట్టేస్తుంది, ఒకే కడ్డీ ఇరుసు జారడానికి ఒప్పుకోదు, మలుపులో బండి ఒక పక్కకు లేస్తుంది. తయారీదారులు తారు రోడ్డు మీద నడపవద్దని బండి మీదే అంటించి చెప్పడానికి కారణం ఇదే.

యాక్సిలరేటర్‌ను మోటారు సైకిలు మీదలాగా పిడికిలితో తిప్పరు. కుడి బొటనవేలితో చిన్న మీటను నొక్కుతారు. గతుకుల్లో చెయ్యి ఊగినప్పుడు పిడికిలి తిప్పే పద్ధతైతే బండి తనంతట తానే ఉరుకుతుంది. బొటనవేలు తీసేస్తే మీట వెనక్కి వచ్చేస్తుంది, ఇంజను తగ్గుతుంది. అయితే భయం వేసినవాళ్లు చేసే మొదటి పని హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవడం. ఆ బిగింపులో బొటనవేలు కూడా మీటను నొక్కేస్తుంది. ఆగాల్సిన బండి అప్పుడే ముందుకు దూకుతుంది. కొత్తవారి ప్రమాదాల్లో ఈ తీరుది పెద్ద పాత్ర. మీట ఉండే డబ్బీకి పక్కగా ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని లోపలికి తిప్పేకొద్దీ మీట పూర్తిగా నొక్కుకోదు, వేగం ఒక హద్దు దాటదు. మంచి గైడు జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరుగుతాడు. మనిషిని చూసి, రెండు రౌండ్లు నడిపించి, ఆ స్క్రూను ఎంత తిప్పాలో నిర్ణయిస్తాడు. పిల్లల బండ్లకైతే వెనుక తాడు కట్టిన స్విచ్చి కూడా ఉంటుంది. గైడు వెంట నడుస్తూ తాడు లాగితే ఇంజను ఆగిపోతుంది.

యాత్రల్లో వాడే బండ్లకు సాధారణంగా గేర్లు మార్చే పని ఉండదు. స్కూటరులో ఉన్నట్టే బెల్టు మీద నడిచే ఆటోమేటిక్ పద్ధతి. పెద్ద బండ్లకు హై, లో, న్యూట్రల్, రివర్స్ అనే స్థానాలు ఉంటాయి. నిటారు దారి వస్తే ముందే ‘లో’లో పెట్టాలి. ఎక్కేటప్పుడు బరువు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి, పక్కవాలులో పోయేటప్పుడు కొండవైపుకు. వినడానికి తేలిగ్గా ఉండే ఈ మూడు మాటలే మొత్తం విద్య. కష్టమైన ఘట్టం ఒక్కటుంది. సగం ఎక్కాక ఇంజను ఆగిపోవడం. అప్పుడు బండి వెనక్కి జారడం మొదలుపెడితే, వెనుక బ్రేకు ఒక్కసారిగా పట్టినవారి మీదికి ముందు చక్రాలు లేస్తాయి. జారకముందే బ్రేకులు పట్టి, బరువును కొండవైపు ఉంచి, గైడు వచ్చేదాకా కదలకుండా ఉండాలి. దిగాల్సి వస్తే కొండవైపే దిగాలి. పెద్దవాళ్ల బండి బరువు రెండు వందల కిలోలు దాటి, కొన్ని రకాల్లో మూడు వందలకూ చేరుతుంది. అది మీద పడితే ఒక మనిషి ఎత్తలేడు.

మోటారు సైకిలు అలవాటు వల్ల వచ్చే మరో ప్రమాదం కాలిది. బండి ఒరిగినట్టనిపిస్తే కాలు కింద పెట్టి ఆపుకోవాలని చూస్తారు. క్వాడ్ బైకులో కాలు కింద పెడితే వెనుక చక్రం పిక్క మీదుగా ఎక్కి పోతుంది. పాదాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలన్న నియమాన్ని గైడు పదేపదే చెప్పేది అందుకే.

మూడు చక్రాల రోజులు

ఈ బండి మొదట మూడు చక్రాలతో పుట్టింది. శీతాకాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోక ఇబ్బందిపడుతున్న అమెరికా డీలర్లు మంచులోనూ బురదలోనూ నడిచే సరుకు కావాలని అడిగితే, హోండా ఇంజనీరు ఒసాము తకెయుచి దాన్ని రూపొందించాడు. 1970లో యూఎస్‌90 పేరుతో అమ్మకానికి వచ్చింది. 90 సీసీ ఇంజను, సస్పెన్షన్ లేదు, కుదుపులన్నీ బుడగల్లాంటి టైర్లే మింగేవి. మరుసటి ఏడాది వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో షాన్ కానరీ దాని మీద కనిపించడంతో బండికి పేరొచ్చింది. నాలుగు చక్రాల క్వాడ్‌రన్నర్‌ను సుజుకీ 1983 మోడల్‌గా తెచ్చింది. అమెరికా సంస్థ పొలారిస్ 1985లో రంగంలోకి దిగింది.

ముందు ఒకటే చక్రం ఉన్న బండి మలుపులో సులువుగా బోల్తా పడేది. గాయపడినవారిలోనూ చనిపోయినవారిలోనూ పిల్లలు ఎక్కువగా ఉండటంతో అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1988లో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకాన్ని ఆపేశాయి, కొన్నవారికి శిక్షణ ఇవ్వడానికీ, పదహారేళ్ల లోపు పిల్లలకు పెద్ద బండ్లు అమ్మకుండా చూడటానికీ ఒప్పుకున్నాయి. మన రిసార్టుల్లో పన్నెండేళ్ల పిల్లవాడిని పెద్ద బండి ఎక్కించే తల్లిదండ్రులకు ఆ వయసు నియమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. అది ఏదో కంపెనీ మొక్కుబడిగా రాసుకున్నది కాదు, ఒక దేశం పిల్లలను పోగొట్టుకుని రాసుకున్నది.

న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో ఇది ప్రధానంగా రైతు బండి. గొర్రెల మందల వెంటా, కంచెల వెంటా దీనిమీదే తిరుగుతారు. అక్కడి పొలాల్లో బండి బోల్తా పడి చనిపోయినవారు చాలామంది కావడంతో ఆస్ట్రేలియా 2019లో ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. 2021 అక్టోబరు నుంచి అమ్మే ప్రతి వ్యవసాయ క్వాడ్ బైకుకూ బోల్తా రక్షణ చట్రం ఉండి తీరాలి. అందుకు ఒప్పుకోని పెద్ద కంపెనీలు కొన్ని ఆ దేశంలో అమ్మకాలు మానుకున్నాయి. భారతదేశంలో పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570ను ట్రాక్టరు వర్గంలో రిజిస్ట్రేషన్ అయ్యేలా విడుదల చేసింది. రోడ్డెక్కడానికి అనుమతి ఉన్న మొదటి ఏటీవీగా దానికి ప్రచారం వచ్చింది. ముంబై దాడుల తరువాత అక్కడి పోలీసులు సముద్రతీర గస్తీకి ఈ బండ్లు వాడారు. లద్దాఖ్‌లో సైన్యం కూడా ఇలాంటి బండ్లు వాడుతోంది.

గైడు

యాత్రకు ప్రాణం గైడు. బండి ఎవరైనా కొనగలరు. కొండను చదవగలిగినవాడు దొరకడం కష్టం. మూడు రోజుల కిందట పడిన వానకు ఏ మలుపులో మొరం కొట్టుకుపోయిందో, ఏ ఒర్రెలో నీళ్లు మోకాలెత్తు ఉన్నాయో, ఏ బండ మీద నాచు పట్టిందో రోజూ పొద్దున ఒకసారి దారంతా తిరిగి వచ్చినవాడికే తెలుస్తుంది. మొదటి బృందం రాకముందే గైడు ఖాళీగా దారి చూసి రావడం మంచి నిర్వాహకుల దగ్గర నిత్యకృత్యం.

సరిగా నడిచే యాత్ర ఇలా ఉంటుంది. ముందుగా వచ్చినవాళ్ల వయసు, ఆరోగ్యం, మందు తాగారా లేదా అన్నది చూస్తారు. వెన్నునొప్పి ఉన్నవారినీ, గర్భిణులనూ ఎక్కనివ్వరు. హెల్మెట్ పెట్టి గడ్డం కింద పట్టీ తామే బిగిస్తారు. చున్నీ, చీరకొంగు, పొడుగు స్కార్ఫు తీయించడమో నడుముకు కట్టించడమో చేస్తారు. తిరుగుతున్న ఇరుసుకు గుడ్డ చుట్టుకుంటే మెడకు ఉరి బిగుస్తుంది, చక్రం పక్కనే కూర్చునే ఈ బండిలో ఆ ప్రమాదం మోటారు సైకిలు కంటే తక్కువేమీ కాదు. చెప్పులతో వచ్చినవారికి బూట్లు ఇస్తారు. ఆ తరువాత చదునైన నేల మీద కనీసం పావుగంట సాధన. బయలుదేరడం, ఆగడం, ఎనిమిది అంకెలా తిరగడం, చిన్న దిబ్బ ఎక్కి దిగడం. ఈ సాధనలో తేలిపోతుంది ఎవరు ముందుండాలో, ఎవరు గైడు వెనకాలే రావాలో. బాగా తడబడే మనిషిని గైడు వెనుక ఉంచుకుంటాడు. దుడుకుగా నడిపే కుర్రాడిని కూడా అక్కడే ఉంచుకుంటాడు. ఈ రెండో నిర్ణయం చాలామంది గైడ్లు తీసుకోలేరు. డబ్బు కట్టిన మనిషికి నచ్చజెప్పడం కష్టం.

కొండలోకి వెళ్లాక ముందు ఒక గైడు, చివర ఒక గైడు ఉండాలి. బండికీ బండికీ మధ్య దుమ్ము తేరుకునేంత దూరం ఉండాలి. ఎండాకాలపు మొరం దారిలో ఆ దూరం చాలా పెద్దదే అవుతుంది. చేతి సంజ్ఞలు ముందే చెప్పి ఉంచుతారు. నిటారు చోట్ల ఒక్కొక్కరే ఎక్కుతారు, ముందువాళ్లు పైకి చేరాకే రెండోవాళ్లు కదలాలి. గైడు పైన నిలబడి చూస్తూ, బరువు ఎటు వేయాలో చేతితో చూపిస్తాడు. అంతగా భయపడేవారుంటే వాళ్లను దింపి, బండిని తానే పైకి ఎక్కించి, వాళ్లను నడిపించి తీసుకెళతాడు. ఆ పని చేయడానికి వెనుకాడని గైడు దొరికితే ఆ యాత్ర నిర్వాహకులను నమ్మవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువచోట్ల ఇంకో పద్ధతి నడుస్తోంది. కొత్తవారు ముందు కూర్చుంటారు, గైడు కుర్రాడు వెనుక క్యారియరు మీద కూర్చుని భుజం మీదుగా చెయ్యి చాపి హ్యాండిల్ పట్టుకుంటాడు. ఒక మనిషి కోసం చేసిన బండికి ఇది సరికాదు. బరువు వెనక్కి పోయి ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలుతాయి. అయినా ఆ కుర్రాళ్ల నేర్పును చిన్నచూపు చూడకూడదు. చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి, ఆ గుట్టల్లో పశువులు కాసి, ట్రాక్టరు నడిపి ఈ పనిలోకి వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్లకు లేనిది నేర్పు కాదు, శిక్షణ, ధ్రువపత్రం, ప్రమాదం జరిగితే అండగా నిలిచే బీమా. పర్యాటక మంత్రిత్వ శాఖ సాహస పర్యాటకానికి 2018లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో నేలమీద సాగే క్రీడల కింద ఏటీవీ యాత్రలకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. గైడుకు ప్రథమ చికిత్స శిక్షణ, బండ్ల తనిఖీ రికార్డు, అత్యవసర ప్రణాళిక ఉండాలని ఆ మార్గదర్శకాల సారాంశం. అవి చదివి పాటించే నిర్వాహకులు పెరిగితే ఈ కుర్రాళ్లకే మొదట మేలు జరుగుతుంది.

అనంతగిరి

రెండు అనంతగిరులున్నాయి. ఒకటి అరకు దారిలో, బొర్రా గుహలున్న మండలం. ఇక్కడ చెప్పేది వికారాబాద్ అనంతగిరి. హైదరాబాదుకు ఎనభై కిలోమీటర్ల లోపు, మూసీ నది పుట్టిన చోటు, అనంత పద్మనాభస్వామి గుడి ఉన్న గుట్టలు. ఒకప్పుడు క్షయ రోగులు గాలి మార్పు కోసం వచ్చే శానిటోరియం ఇక్కడే ఉండేది. సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైగా ఉన్న పీఠభూమి అంచు కనుక హిమాలయాల్లాంటి ఎత్తును ఊహించుకుని రాకూడదు. ఇక్కడి ఆకర్షణ నేలలో ఉంది. దక్కను నల్లరాయి మీద ఎర్రటి లేటరైటు పొర కప్పుకుని ఉంటుంది. అది వాన నీటికి కోసుకుపోయి లోతైన చాళ్లు, గుండ్రటి గులకలు, మెత్తటి ఎర్రదుమ్ము అవుతుంది. క్వాడ్ బైకుకు ఇంతకంటే ఆసక్తికరమైన నేల తెలంగాణలో తక్కువ.

గోధుమగూడ వైపు ప్రైవేటు స్థలాల్లో రిసార్టులు వెలిశాక ఏటీవీ ఇక్కడ వారాంతపు ఆట అయింది. ఎక్కువచోట్ల అమ్మేది యాత్ర కాదు, రౌండ్లు. టైర్లు పాతి హద్దు గీసిన ట్రాకులో రెండు మూడు చుట్లు తిరిగి దిగడం. మొదటిసారి ఎక్కేవారికి అది చాలు, అందులో తప్పేమీ లేదు. ట్రాకు దాటి గుట్ట అంచుల వెంట, చెల్కల మధ్య బండ్ల బాటల మీదుగా కొద్ది దూరం తీసుకెళ్లే చోట్లు కూడా ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ దారి ఎవరి భూమి మీదుగా పోతుంది? అనంతగిరి గుట్టల్లో చాలా భాగం రిజర్వు ఫారెస్టు. కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద ఎంచుకున్న చోట్లలో అనంతగిరి ఒకటి కాబట్టి రాబోయే కాలంలో రద్దీ పెరుగుతుంది. దగ్గరి కోట్‌పల్లి జలాశయంలో స్థానిక యువకులు కయాకింగ్ నడుపుతున్నారు. ఇంజను చప్పుడు లేకుండా అదే వాతావరణాన్ని చూడాలనుకునేవారికి అది మంచి తోడు.

హైదరాబాదుకు ఇంకో వైపున రామోజీ ఫిల్మ్ సిటీలోని ‘సాహస్’ విభాగంలో కూడా ఏటీవీలు ఉన్నాయి. అక్కడ కొండయాత్ర లేదు, సాధనకు మాత్రం పనికొస్తుంది.

బాన్సువాడ వాళ్లు, ఎడారి బండి

బాన్సువాడ, కామారెడ్డి, బోధన్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లని ఊరంటూ ఉండదు. దుబాయి, షార్జా ఇసుక దిబ్బల దగ్గర వరసగా నిలబెట్టి అద్దెకిచ్చే క్వాడ్ బైకులను వాళ్లు చూస్తారు. కొందరు సెలవు రోజున ఎక్కుతారు, కొందరు అక్కడే వాటిని కడిగి, బాగుచేసి, పర్యాటకులను నడిపించే పనిలో కుదురుకుంటారు. షార్జాలోని అల్ బదాయర్ దగ్గర ‘బిగ్ రెడ్’ అనే ఎర్ర దిబ్బ ఈ బండ్లకు పేరుపడిన చోటు. రస్ అల్ ఖైమాలో ఇసుకతోపాటు హజర్ పర్వతాలు కూడా ఉన్నాయి. యూఏఈలో అన్నిటికంటే ఎత్తైనదిగా పేరున్న జబల్ జైస్ అక్కడే. ఇసుకలో వేగం తగ్గించకుండా పోవాలి, ఆగితే దిగబడుతుంది. కొండలో వేగం తగ్గించి పోవాలి, ఉరికితే బోల్తా పడుతుంది. ఎడారిలో నేర్చినవారు అనంతగిరిలో చేసే పొరపాటు ఈ తేడా మరిచిపోవడమే.

పొరుగు రాష్ట్రాల్లో తెలుగువారు ఎక్కువగా వెళ్లే కొండ కొడగు. కాఫీ తోటల మధ్య ఎర్రబురదలో క్వాడ్ బైకు నడపడం అక్కడ ఏళ్లుగా సాగుతోంది. తోట ఒకరి సొంతమే కావడంతో దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న వివాదం తక్కువ. మనాలి దగ్గరి సోలంగ్ లోయలో హనీమూన్ జంటలు ఎక్కే ఏటీవీల సంగతి వేరు. రోహ్‌తంగ్ వైపు పెరిగిన రద్దీ, కాలుష్యం చూసి జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆ ప్రాంతంలో మంచు స్కూటర్లు, ఏటీవీల వంటి వ్యాపారాలన్నిటినీ ఆపించింది. సడలింపులు వచ్చినా, కొండ తట్టుకోలేనంత మందిని ఎక్కిస్తే ఏమవుతుందో నిర్వాహకులకు అప్పుడు తెలిసింది. పొట్టకూటికి ఆ బండ్ల మీదే ఆధారపడిన స్థానికులకూ తెలిసింది.

భూమి, చట్టం

మోటారు వాహనాల చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశంలో నడిచే బండికి రిజిస్ట్రేషన్, మూడో వ్యక్తి బీమా, నడిపేవారికి లైసెన్సు ఉండాలి. మామూలు ఏటీవీకి రిజిస్ట్రేషన్ కాదు. కాబట్టి అది నడవాల్సింది ప్రహరీ ఉన్న ప్రైవేటు స్థలంలోనే. ఊరి రోడ్డు దాటించి అవతలి గుట్టకు తీసుకెళ్లే యాత్ర ఆ కొద్ది గజాల్లోనే చట్టం దాటుతుంది. ఆ గజాల్లో ప్రమాదం జరిగితే బీమా రాదు. యాత్రికులు తమ సొంత ప్రమాద బీమా పత్రాన్ని కూడా తీసి చదవాలి. సాహస క్రీడలను మినహాయించే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా ప్రవేశించడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అరకు, మారేడుమిల్లి వైపు మరో కోణముంది. అవి ఐదో షెడ్యూలు ప్రాంతాలు. 1/70 నియంత్రణ ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. బొర్రా నుంచి కటికి జలపాతానికి స్థానిక డ్రైవర్లు జీపుల్లో తీసుకెళ్లే పద్ధతి ఆ చట్టపు స్ఫూర్తికి దగ్గరగా ఉంది. వాహనం వాళ్లది, దారి వాళ్లకు తెలుసు, డబ్బు ఊళ్లోనే ఉంటుంది. క్వాడ్ బైకులు అటువైపు వెళితే ఆ పద్ధతిలోనే వెళ్లాలన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

నేల మీద పడే ముద్ర

మెత్తటి టైరు గడ్డి మీద ఒకసారి పోతే గుర్తు మిగలదు. అదే గీత మీద వందసార్లు పోతే గడ్డి పోతుంది, వాన వచ్చినప్పుడు ఆ గీత కాలువ అవుతుంది, రెండో ఏడాదికి బండ్లు దాన్ని తప్పించి పక్క నుంచి పోతాయి, అలా దారి వెడల్పవుతూనే ఉంటుంది. అనంతగిరి లేటరైటు వాలుల్లో ఇది కంటితో చూడవచ్చు. మూసీకి మొదటి నీళ్లు ఇచ్చే ఊటలు ఆ వాలుల్లోనే ఉన్నాయి. చప్పుడు రెండో సమస్య. ఉదయం, సాయంత్రం జంతువులు నీటికి వచ్చే వేళల్లో బండ్లు తిప్పకపోవడం, వానాకాలంలో కొన్ని దారులు మూసేయడం, ఒకే గీతలో పోవాలని గైడు పట్టుబట్టడం వీటికి తెలిసిన మందులు.

నిజాంసాగర్ నుంచి కౌలాస్ దాకా

బాన్సువాడ చుట్టుపక్కల ఇలాంటి యాత్రకు దారి వేయవచ్చా అని ఆలోచించే యువకులకు చుట్టూ ఉన్న భూమిని విడదీసి చూడటం మేలు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ వెనుక నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూములు చదునుగా, ఊరించేలా కనిపిస్తాయి. అవి జలాశయంలో భాగం. పైగా మెత్తటి ఒండ్రు, పైన ఎండి లోపల తడిగా ఉంటుంది, రెండు వందల కిలోల బండి దిగబడితే ట్రాక్టరు కూడా లాగలేదు. ఆయకట్టు నల్లరేగడిది అదే తీరు. వాన పడితే మట్టి టైరు గాడుల్లో నిండి చక్రం నున్నటి ఉండ అవుతుంది.

దక్షిణాన మెదక్ సరిహద్దులో 1922లో పూర్తయిన పోచారం జలాశయం, దాని చుట్టూ 1952లో ఏర్పడిన అభయారణ్యం ఉన్నాయి. చుక్కల దుప్పి, నీలుగాయి, కొండగొర్రె తిరిగే ఆ అడవిలో క్వాడ్ బైకుకు చోటు లేదు, ఉండకూడదు. మిగిలింది జుక్కల్ వైపు. కౌలాస్ కోట ఉన్న ఎత్తుపల్లాల నేల, బాలాఘాట్ కొండల చివరి అంచులు, రాతిగుట్టల మధ్య వానకే పండే చెల్కలు. అక్కడ పట్టా భూముల మీదుగా, రైతులతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, కోటకు దూరం నుంచే కనిపించేలా దారి వేయడం సాధ్యమే. కోట గోడల మీదికి, కౌలాస్ నాలా నీటిలోకి బండి పోకూడదు.

ఇలా చేసి చూపించిన ప్రాంతం ప్రపంచంలో ఉంది. అమెరికాలో పశ్చిమ వర్జీనియా బొగ్గు కొండలు. గనులు మూతపడి పనులు పోయిన జిల్లాల కోసం ఆ రాష్ట్ర శాసనసభ 1996లో ఒక వినోద ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. అది బొగ్గు కంపెనీలు, కలప కంపెనీల భూములను ఒప్పందం మీద తీసుకుని, ప్రమాద బాధ్యత భూయజమాని మీద పడకుండా చూసి, 2000లో హ్యాట్‌ఫీల్డ్-మెకాయ్ దారులను తెరిచింది. ఇప్పుడవి వెయ్యి మైళ్లు దాటాయి. ప్రతి దారికీ కష్టాన్ని బట్టి రంగు గుర్తు, ప్రతి మనిషికీ అనుమతి పత్రం, హెల్మెట్ తప్పనిసరి, ఒకరి బండి మీద ఇద్దరు కూడదు, మద్యం కూడదు, గస్తీకి రేంజర్లు. చుట్టుపక్కల చిన్న ఊళ్లలో హోటళ్లు, మెకానిక్ షాపులు, గైడు పనులు వచ్చాయి. భూయజమానిని ముందు కూర్చోబెట్టుకుని మొదలుపెట్టడమే అక్కడ ఫలించిన పని, బండ్లు కొనడం దాని తరువాతే వచ్చింది.

కాలం, ఖర్చు

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా తెలంగాణ గుట్టల్లో ఈ యాత్రకు అనువైన కాలం. నేలలో కాస్త తడి ఉండి దుమ్ము తక్కువగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండతోపాటు ఇంజను వేడి కూడా తొడలకు తగులుతుంది, తెల్లవారుజామున తప్ప ఎక్కకపోవడం మంచిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లేటరైటు జారుతుంది, అనుభవం ఉన్నవారికే ఆ కాలం. ధర రౌండ్లకైతే వందల్లో, గంటల యాత్రకైతే వేలల్లో ఉంటుంది. బేరమాడే ముందు హెల్మెట్ చేతిలోకి తీసుకుని లోపలి స్పాంజి, పట్టీ చూడాలి. బండి పక్కన వంగి టైరులో కోతలు, బ్రేకు మీట గట్టిదనం చూడాలి. గైడును పేరడిగి, పొద్దున దారి చూసి వచ్చాడేమో అడగాలి. నిండా చేతుల చొక్కా, జీన్సు, మడమ పైదాకా వచ్చే బూట్లు, కళ్లద్దాలు, ముక్కుకు కట్టుకోవడానికి ఒక చేతిరుమాలు, రెండు లీటర్ల నీళ్లు బాన్సువాడలో బస్సో కారో ఎక్కే ముందే సంచిలో ఉంటే మంచిది, గుట్ట దగ్గర అన్నీ దొరకకపోవచ్చు.